దేవుడి పేరు మీద వేలంపాట

అందరికీ నమస్కారం. నాకు ఇచ్చిన విషయం మత జాతీయవాదం, ప్రభుత్వాల మీద దాని ప్రభావం. గంటలో తెమిలే విషయం కాదు, అందుకని ఒక్క ముక్కే తీసుకుంటాను. ఈ దారి పట్టిన నాయకులు ఎవరు, ఎందుకు పట్టారు, చివరికి ఏమయ్యారు. సిద్ధాంతం గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. మనుషుల కథలు వరసగా చూస్తే అసలు సంగతి ఇంకా తేటగా తెలుస్తుందని నా నమ్మకం.

ముందు ఒకటి తేల్చేసుకుందాం. భక్తి వేరు, మత జాతీయవాదం వేరు. రోజూ గుడికో మసీదుకో చర్చికో వెళ్లే మనిషికి దీనితో ఏ సంబంధమూ లేకపోవచ్చు, జన్మలో ఒక్కసారీ దండం పెట్టని మనిషి నిలువెల్లా మత జాతీయవాది కావచ్చు. ఈ దేశం ఫలానా మతం వాళ్లది, మిగతావాళ్లు ఉంటే ఉండొచ్చు కానీ మాతో సమానం కాదు, ప్రభుత్వం కూడా ఆ లెక్కలోనే నడవాలి అనేదే దాని సారం. అందులో దేవుడి పాత్ర చాలా తక్కువ. "మనం ఎవరం, వాళ్లు ఎవరు" అన్నదే ఎక్కువ.

అందుకే ఈ నాయకుల సొంత భక్తిని కాస్త పరిశీలిస్తే విచిత్రంగా ఉంటుంది. ఇస్లాం పేరు మీద ఒక దేశాన్ని సాధించిన జిన్నా, సూటు బూటు వేసుకుని ఇంగ్లిష్‌లో వాదించే బారిస్టరు, ఆచారాలు పాటించే మనిషి కాదు. యూదుల రాజ్యం కట్టిన బెన్ గురియన్‌కి యూదు మతాచారాలంటే పట్టింపు లేదు. హిందుత్వ అనే రాజకీయ భావనకు రూపం ఇచ్చిన సావర్కర్ పూజలూ వ్రతాలూ నమ్మనివాడు, ఆవు ఉపయోగపడే జంతువే తప్ప పూజించాల్సింది కాదని రాసినవాడు. అమెరికాలో 1980 ఎన్నికలు చూడండి. ఒక పక్క జిమ్మీ కార్టర్, చర్చిలో ఆదివారం బైబిల్ పాఠాలు చెప్పే నిజమైన భక్తుడు. ఇంకో పక్క రోనాల్డ్ రీగన్, హాలీవుడ్ నటుడు, విడాకులు తీసుకున్నవాడు, కాలిఫోర్నియా గవర్నరుగా 1967లో గర్భస్రావం నిబంధనలు సడలించిన చట్టం మీద సంతకం పెట్టినవాడు. 1979లో జెర్రీ ఫాల్వెల్ అనే పాస్టరు మోరల్ మెజారిటీ అని సంస్థ పెట్టి క్రైస్తవ ఓటును ఎవరి వైపు నడిపించాడు? రీగన్ వైపు! (నవ్వులు) నవ్వడం కాదండీ, ఇందులో పాఠం ఉంది. వాళ్లకి కావాల్సింది భక్తుడు కాదు, తమ తరఫున కొట్లాడేవాడు. 2016లో ట్రంప్‌కి తెల్లజాతి ఇవాంజెలికల్ క్రైస్తవుల్లో దాదాపు ఎనభై శాతం మంది ఓటేసినప్పుడు ప్రపంచం ఆశ్చర్యపోయింది గానీ, 1980 తెలిసినవాళ్లకి అందులో ఆశ్చర్యపోవడానికి ఏమీ లేదు.

సరే, భక్తి లేకుండా మతాన్ని వాడుకుంటే ఏమవుతుంది? ఓట్లు వస్తాయి. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ క్షణం నుంచి వేలంపాట మొదలవుతుంది. నువ్వు పది అన్నావా, పక్కవాడు పన్నెండు అంటాడు, వెనకనుంచి ఇంకొకడు ఇరవై అంటాడు. పాట మొదలుపెట్టినవాడికి "ఇక చాలు" అనే హక్కు ఉండదు. ఆపితే ద్రోహి. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదే, మిగతాదంతా దానికి ఉదాహరణలే.

శ్రీలంకతో మొదలుపెడతాను. దీనికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను, ఎందుకంటే మొత్తం కథ మూడేళ్లలో మొదలై ముగిసింది.

ఎస్.డబ్ల్యు.ఆర్.డి. బండారనాయకే. ఆంగ్లికన్ క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ వాళ్లకి బాగా దగ్గరివాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. తిరిగొచ్చేనాటికి ఆయనకి సింహళం కన్నా ఇంగ్లిషే బాగా వచ్చు. రాజకీయాల్లోకి వచ్చాక బౌద్ధం తీసుకున్నాడు. అది నిజమైన మార్పా, లెక్క వేసుకున్న మార్పా అన్నది ఆయన మనసుకే తెలియాలి, నేను తీర్పు చెప్పను. 1956లో ఎన్నికలు వచ్చాయి. అదే ఏడాది బుద్ధ జయంతి, బుద్ధుడి నిర్యాణానికి 2500 ఏళ్లు నిండాయని దేశమంతా ఉత్సవాలు. భిక్షువులు ఊరూరా తిరిగి ఆయన కోసం ప్రచారం చేశారు. ఆయన ఇచ్చిన మాట ఏంటంటే, గెలిస్తే ఇరవై నాలుగు గంటల్లో సింహళాన్ని ఏకైక అధికార భాష చేస్తానని. గెలిచాడు. చట్టం తెచ్చాడు.

ఇక్కడ ఒక న్యాయమైన మాట చెప్పాలి. సింహళ బౌద్ధుల కోపం ఊరికే వచ్చింది కాదు. బ్రిటిష్ పాలనలో మిషనరీ బడుల్లో ఇంగ్లిష్ చదువుకున్నవాళ్లకే ఉద్యోగాలు. పల్లెల్లో సింహళంలో చదువుకున్న కుర్రాడికి ఏ ఆఫీసు గుమ్మం ముందు నిలబడాలన్నా భయమే. అది నిజమైన బాధ. కానీ ఆ బాధకి చూపించిన మందు తమిళుల భాషను పక్కకి నెట్టడం. మత జాతీయవాదం ఎక్కడ లేచినా దాని కింద ఇలాంటి నిజమైన గాయం ఒకటి ఉంటుంది. మనం దాన్ని విమర్శించేటప్పుడు ఆ గాయాన్ని వెక్కిరిస్తే, వాళ్లని నేరుగా తీసుకెళ్లి ఆ నాయకుడికి అప్పజెప్పినట్టే. ఈ విషయంలో మన మేధావులు చేసే తప్పు తక్కువేం కాదు.

సరే, తమిళుల నుంచి నిరసన వచ్చింది. బండారనాయకే తెలివైనవాడు, దేశం చీలిపోతుందని గ్రహించాడు. 1957 జులైలో తమిళ నాయకుడు చెల్వనాయకంతో ఒప్పందం చేసుకున్నాడు. తమిళ ప్రాంతాల్లో పాలనకు తమిళం వాడుకోవచ్చు, ప్రాంతీయ మండళ్లకి కొన్ని అధికారాలు ఇస్తారు, ఇలాంటివి. (చెల్వనాయకం కూడా క్రైస్తవుడే. ఆయన మతం మార్చుకోలేదు, ఆయనకి ఓటేసిన తమిళుల్లో ఎక్కువమంది హిందువులు, వాళ్లెవరూ అభ్యంతరం చెప్పలేదు. ఊరికే చెప్తున్నా.) ఆ ఒప్పందం నిలబడి ఉంటే ఆ దేశ చరిత్ర వేరేగా ఉండేదని చాలామంది అంటారు, నాకూ అలాగే అనిపిస్తుంది.

అప్పుడు పాట పెంచింది ఎవరు? ప్రతిపక్షం. యునైటెడ్ నేషనల్ పార్టీ నాయకుడు జయవర్ధనే, "బండారనాయకే దేశాన్ని తమిళులకి అమ్మేశాడు" అనే ధోరణిలో కొలంబో నుంచి క్యాండీకి పాదయాత్ర మొదలుపెట్టాడు. అది మధ్యలో ఆగిపోయింది కానీ పని జరిగిపోయింది. 1958 ఏప్రిల్‌లో భిక్షువులు గుంపుగా వచ్చి ప్రధాని ఇంటి ముందు కూర్చున్నారు. రద్దు చేస్తానంటే కుదరదు, రాసి ఇమ్మన్నారు. రాసి ఇచ్చాడు! ఒక దేశ ప్రధానమంత్రి తను సంతకం పెట్టిన ఒప్పందాన్ని తన ఇంటి గుమ్మంలో కూర్చున్నవాళ్ల కోసం రద్దు చేశానని రాసిచ్చాడు. తర్వాత నెలలోనే మతకల్లోలమూ జాతికల్లోలమూ కలిసిన అల్లర్లు, వందల ప్రాణాలు పోయాయి.

1959 సెప్టెంబర్ 25. ప్రధాని తన ఇంటి వరండాలో వచ్చినవాళ్లని కలుస్తున్నాడు. సోమరామ అనే భిక్షువు వచ్చాడు. ప్రధాని వంగి నమస్కారం పెట్టాడు. ఆ భిక్షువు కాషాయం చాటునుంచి తుపాకి తీసి కాల్చాడు. మర్నాడు బండారనాయకే చనిపోయాడు. విచారణలో తేలింది ఏంటంటే, కుట్ర వెనక ఉన్న మనిషి కెలనియ ఆలయ ప్రధాన భిక్షువు బుద్ధరక్ఖిత. 1956లో బండారనాయకే గెలుపు కోసం అందరికన్నా ఎక్కువ తిరిగినవాళ్లలో ఆయన ఒకడు. మరి కోపం ఎందుకు? షిప్పింగ్, చక్కెర వ్యాపారాల కాంట్రాక్టులు తనవాళ్లకి ఇవ్వలేదని! ధర్మం కోసం అంటూ మొదలైన ప్రయాణం ఎక్కడికొచ్చి తేలిందో చూడండి. మతపెద్ద ప్రభుత్వంలోకి వస్తే ప్రభుత్వం పవిత్రం అవుతుందని ఆశపడేవాళ్లు ఈ ఒక్క కేసు చదివితే చాలు. సోమరామ ఉరికంబం ఎక్కేముందు క్రైస్తవంలో చేరాడు. ఇది నేను కల్పించి చెప్తున్నది కాదు, చరిత్రే.

పాట అక్కడితో ఆగలేదు. 1972లో బండారనాయకే భార్య సిరిమావో ప్రధానిగా ఉండగా కొత్త రాజ్యాంగంలో బౌద్ధానికి అగ్రస్థానం అని రాశారు. ఆ పాదయాత్ర చేసిన జయవర్ధనే తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు. ఆయన హయాంలోనే 1983 జులైలో కొలంబోలో తమిళుల ఇళ్లు తగలబెట్టారు. ఆ తర్వాత జరిగిన యుద్ధం 2009 దాకా నడిచింది.

ఇప్పుడు పాకిస్తాన్. ఇది మనకి ఎక్కువ తెలుసు అనుకుంటాం, కానీ వరస సరిగ్గా చూడం. 1947 ఆగస్టు 11న జిన్నా రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, మీరు ఏ గుడికైనా ఏ మసీదుకైనా వెళ్లొచ్చు, ఎవరి మతం ఏదన్నది ప్రభుత్వానికి అనవసరం అన్నాడు. ఏడాది దాటిందో లేదో, 1948 సెప్టెంబరులో చనిపోయాడు. 1949 మార్చిలో ప్రధాని లియాఖత్ అలీ ఖాన్ లక్ష్యాల తీర్మానం పెట్టాడు. సార్వభౌమత్వం అల్లాది, ముస్లింలు ఇస్లాం ప్రకారం బతికేలా చూడటం ప్రభుత్వం పని అని. సభలోని హిందూ సభ్యులు లేచి, ఇవాళ మీరు మంచివాళ్లే కావచ్చు, రేపు ఇదే తీర్మానాన్ని పట్టుకుని ఎవరైనా ఏమైనా చేయొచ్చు అని హెచ్చరించారు. ఎవరు వింటారు? లియాఖత్ ఉద్దేశం మంచిదే అయ్యుండొచ్చు. నాలుగు మంచి మాటలు రాస్తే మౌల్వీలు శాంతిస్తారు, అసలు రాజ్యాంగం మనం మన పద్ధతిలో రాసుకుందాం అనుకుని ఉంటాడు.

శాంతించలేదు. 1953లో లాహోర్‌లో అహ్మదీలకు వ్యతిరేకంగా అల్లర్లు. అహ్మదీలు తమని తాము ముస్లింలు అనుకుంటారు, ఆనాటి విదేశాంగ మంత్రి జఫ్రుల్లా ఖాన్ అహ్మదీయే. వాళ్లని ముస్లింలు కాదని ప్రకటించాలని డిమాండ్. లాహోర్‌లో మార్షల్ లా పెట్టాల్సి వచ్చింది. తర్వాత జస్టిస్ మునీర్, జస్టిస్ కయానీ విచారణ చేసి 1954లో నివేదిక ఇచ్చారు. వాళ్లు చాలా తెలివైన పని చేశారు. వచ్చిన ప్రతి మతపెద్దనీ ఒకటే ప్రశ్న అడిగారు: అయ్యా, ముస్లిం అంటే ఎవరో చెప్పండి. నివేదికలో తేల్చింది ఏంటంటే, ఏ ఇద్దరి జవాబూ ఒకటి కాదు. ఒకరి నిర్వచనం ఒప్పుకుంటే ఇంకొకరి దృష్టిలో మనమందరం మతం బయటే.

ఇది చాలా ముఖ్యమైన మలుపు అండీ. మత జాతీయవాదం అనగానే మనం మైనారిటీల గురించే ఆలోచిస్తాం, వాళ్లకి ఇబ్బంది అని. నిజమే, ఇబ్బంది. కానీ ప్రభుత్వం ఒక మతాన్ని భుజాన వేసుకున్న మరుక్షణం ఒక ప్రశ్న లేస్తుంది. ఆ మతంలో అసలైనవాడు ఎవరు? ఆ ప్రశ్నకి జవాబు ఇచ్చేది పార్లమెంటు, పోలీసు, కోర్టు. పాకిస్తాన్ పార్లమెంటు 1974 సెప్టెంబరులో ఆ జవాబు ఇచ్చింది, అహ్మదీలు ముస్లింలు కారని రాజ్యాంగ సవరణ చేసింది. అప్పుడు ప్రధాని ఎవరు? జుల్ఫికర్ అలీ భుట్టో, సోషలిజం మాట్లాడే భుట్టో, నేను మందు తాగుతానని బహిరంగ సభలోనే ఒప్పుకున్న భుట్టో. భౌతిక శాస్త్రవేత్త అబ్దుస్ సలాం అహ్మదీ. ఆ ఏడాదే దేశం వదిలి వెళ్లాడు. 1979లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆయన సమాధి రాయి మీద "మొదటి ముస్లిం నోబెల్ గ్రహీత" అని రాస్తే, అందులో ముస్లిం అనే మాటని తర్వాత చెరిపేశారు.

భుట్టో అంత ఇచ్చాడు కదా, మతపార్టీలు ఆయన్ని మెచ్చుకున్నాయా? 1977 ఎన్నికల్లో ఆయన రిగ్గింగ్ చేశాడని వాళ్లంతా రోడ్డెక్కారు. ఇంకా ఇచ్చాడు. మద్యం నిషేధం, జూదం నిషేధం, ఆదివారం బదులు శుక్రవారం సెలవు. ఆ జులైలోనే జియా ఉల్ హక్ తిరుగుబాటు చేశాడు. నిజంగా నమాజు మానని మనిషి, ఆ నమ్రత చూసే కాబోలు, సీనియర్లని దాటించి ఆర్మీ చీఫ్‌ని చేసింది భుట్టోనే. 1979 ఏప్రిల్లో భుట్టోని ఉరి తీశారు.

జియా చేసినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చేది, నచ్చడం అంటే ఆ గడుసుతనం నచ్చడం, 1984 డిసెంబర్ రిఫరెండం. ప్రజల్ని అడిగిన ప్రశ్న ఏంటో తెలుసా? దేశంలోని చట్టాల్ని ఖురాన్, సున్నత్ (అంటే ప్రవక్త చూపిన నడవడి) ప్రకారం మార్చడానికి జియా చేస్తున్న పనిని మీరు సమర్థిస్తున్నారా లేదా? అవును అని ఎక్కువమంది అంటే, జియా ఇంకో ఐదేళ్లు అధ్యక్షుడు! (నవ్వులు) ఇప్పుడు చెప్పండి, ఒక మామూలు ముస్లిం అక్కడికి వెళ్లి "కాదు" అని ఎలా అంటాడు? కాదంటే ఖురాన్ వద్దన్నట్టే. అధికారిక లెక్కల్లో దాదాపు 98 శాతం "అవును". జనం చాలామంది అసలు పోలింగ్ కేంద్రాలకే పోలేదని అప్పటి విలేకరులు రాశారు. నేను చెప్పేదంతా ఆ ఒక్క బ్యాలెట్ కాగితంలో ఉంది. మతం మీద అడిగే ప్రశ్నలో నాయకుడి కుర్చీని కలిపేస్తే, నాయకుణ్ణి కాదనడం దేవుణ్ణి కాదనడం అయిపోతుంది. అక్కడ ధరలు, ఉద్యోగాలు, కరెంటు, అవినీతి, ఇవేవీ అడగడానికి చోటే లేదు.

ఆ పాట ఎంత దూరం పోయిందంటే, 2011 జనవరిలో పంజాబ్ గవర్నరు సల్మాన్ తసీర్‌ని కాపలా కాసే సొంత గార్డే కాల్చి చంపాడు. దైవదూషణ కేసులో ఉరిశిక్ష పడిన ఆసియా బీబీ అనే క్రైస్తవ మహిళ తరఫున మాట్లాడటమే ఆయన తప్పు. ఆ హంతకుణ్ణి కోర్టుకి తెస్తే కొందరు లాయర్లు గులాబీ రేకులు చల్లారు. చట్టం చదువుకున్నవాళ్లు!

ఇరాన్ సంగతి క్లుప్తంగా. అక్కడ మతపెద్దలే పాలకులు కాబట్టి వేలంపాట ఉండదు, అంతా సవ్యంగా ఉండాలి కదా? 1988 జనవరిలో దేశ సుప్రీం లీడర్ ఖొమేనీ ఒక ఉత్తరం రాశాడు. ఇస్లామిక్ ప్రభుత్వాన్ని కాపాడుకోవడం నమాజు, ఉపవాసం, హజ్ కన్నా ముందు వస్తుందని దాని సారాంశం. అర్థమైందా? మతం కోసం ప్రభుత్వం అని మొదలుపెట్టి, ప్రభుత్వం కోసం అవసరమైతే మతాన్నీ పక్కన పెట్టొచ్చు అనేదాకా వచ్చారు. ఖొమేనీ తర్వాత ఆ పదవికి అనుకున్న మనిషి ఆయతుల్లా మొంతజెరీ, పెద్ద పండితుడు. 1988లో జైళ్లలో వేలమంది రాజకీయ ఖైదీల్ని చంపుతుంటే ఇది తప్పు అన్నాడు. తర్వాతి ఏడాది పదవి పోయింది, 1997 నుంచి 2003 దాకా ఇంట్లోనే నిర్బంధం. రాజ్యాంగంలో సుప్రీం లీడర్ అత్యున్నత స్థాయి పండితుడై ఉండాలన్న నిబంధన ఉండేది, 1989లో దాన్ని కూడా తీసేశారు. మతరాజ్యంలో మతపాండిత్యం అక్కర్లేకుండా పోయింది.

ఇదేదో ఇస్లాం జబ్బు, బౌద్ధం జబ్బు అనుకోకండి. హంగరీలో తర్వాత ప్రధాని అయిన ఓర్బాన్ యువకుడిగా ఉన్నప్పుడు ఆయన పార్టీ చర్చిని ఎగతాళి చేసే లిబరల్ కుర్రాళ్ల పార్టీ. తర్వాత క్రైస్తవ యూరప్‌కి కాపలాదారు అవతారం ఎత్తాడు. 2011లో ఆయన ప్రభుత్వం తెచ్చిన చట్టంతో వందల మత సంఘాలకి చర్చి హోదా పోయింది, ఏది చర్చి ఏది కాదు అన్నది పార్లమెంటు ఓటుతో తేల్చే పద్ధతి వచ్చింది. హోదా పోయినవాళ్లలో పాస్టర్ గాబోర్ ఇవాన్యి సంఘం ఒకటి, పేదలకీ ఇళ్లు లేనివాళ్లకీ సేవ చేసే సంఘం. ఆ ఇవాన్యి ఎవరో కాదు, ఓర్బాన్ పెద్ద పిల్లలిద్దరికీ బాప్తిస్మం ఇచ్చిన పాస్టరు! ప్రభుత్వాన్ని విమర్శించాడు, అంతే. రష్యాలో అయితే ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక పాట్రియార్క్, అంటే అక్కడి ఆర్థడాక్స్ చర్చి అధిపతి, ఆదేశించిన ప్రార్థనలో "విజయం" బదులు "శాంతి" అని చదివిన ఒక ప్రీస్టుని అర్చకత్వం నుంచే తొలగించారు. శాంతి అన్నందుకు, క్రైస్తవ చర్చిలో!

మన దేశం మాట ఎత్తకుండా ఎలా తప్పించుకుంటారా అని కొందరు చూస్తున్నారు. (నవ్వులు) తప్పించుకోను. కానీ కథ 1990 రథయాత్ర నుంచి మొదలుపెట్టను, ఐదేళ్లు వెనక్కి వెళ్తాను. 1985లో షాబానో కేసులో సుప్రీంకోర్టు విడాకులైన ముస్లిం మహిళకి భరణం ఇవ్వాలంది. రాజీవ్ గాంధీకి లోక్‌సభలో 400 పైచిలుకు సీట్లు, ఎవరికీ భయపడాల్సిన పని లేదు. అయినా మౌల్వీల ఒత్తిడికి లొంగి 1986లో ఆ తీర్పుని పక్కకి నెట్టే చట్టం తెచ్చాడు. మంత్రి ఆరిఫ్ మొహమ్మద్ ఖాన్ రాజీనామా చేసి వెళ్లిపోయాడు. అదే ఏడాది ఫిబ్రవరి 1న అయోధ్యలో జిల్లా కోర్టు ఉత్తర్వు వచ్చీ రాగానే బాబ్రీ మసీదు తాళాలు తెరుచుకున్నాయి, సాయంత్రానికి దూరదర్శన్‌లో చూపించారు. 1989 నవంబరులో ఎన్నికల ముందు శిలాన్యాసానికి అనుమతి ఇచ్చారు. ఒక చేత్తో వీళ్లకి, ఒక చేత్తో వాళ్లకి. ఫలితం? కాంగ్రెస్ 197కి పడిపోయింది. బోఫోర్స్ కూడా కారణమే, కాదనను. కానీ 1984లో 2 సీట్లున్న బీజేపీ 1989లో 85, 1991లో 120 తెచ్చుకుంది. ఆ వేలంలో కాంగ్రెస్ ఎంత పాడినా, ఇంకా ఎక్కువ పాడగలిగిన పార్టీ పక్కనే ఉంది. 1992 డిసెంబర్ 6న మసీదు కూలింది, పీవీ ప్రభుత్వం చూస్తూ ఉండిపోయింది.

2024 జనవరి 22న ప్రాణప్రతిష్ఠ జరిగింది. ప్రధానమంత్రి స్వయంగా కూర్చున్నాడు. శంకరాచార్యులు రాలేదు, గుడి పూర్తి కాకుండా ప్రతిష్ఠ శాస్త్రసమ్మతం కాదని వాళ్లలో కొందరు బయటికే చెప్పారు. వాళ్ల అభ్యంతరం సరైనదా కాదా అన్నది నా పని కాదు. నేను గమనించింది ఏంటంటే, వాళ్ల అభ్యంతరం వల్ల తేదీ మారలేదు. ఆ విషయంలో ఆఖరి మాట పీఠాలది కాకుండా పోయింది. ఇంకోటి, ఆ జూన్‌లో ఫలితాలు వచ్చేసరికి అయోధ్య ఉన్న ఫైజాబాద్ సీటే బీజేపీ ఓడిపోయింది, సమాజ్‌వాదీ పార్టీ నుంచి దళిత నాయకుడు అవధేశ్ ప్రసాద్ గెలిచాడు. జనరల్ సీటులో! కాబట్టి ఓటరు ఎప్పుడూ భక్తి చూసే ఓటేస్తాడు అనుకునేవాళ్లు, అది పొగడ్తగా అన్నా తిట్టుగా అన్నా, లెక్క సరిచూసుకోవాలి.

అధికార యంత్రాంగం మీద దీని ప్రభావం గురించి రెండు మాటలు. మంత్రులు మారతారు, పోతారు. కింద ఉండే అధికారి, ఎస్సై, బడి పంతులు, వీళ్లు పైవాళ్ల మనసు పసిగట్టి నడుచుకుంటారు. ఎవరూ రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వక్కర్లేదు. ఫలానా గుంపు మీద కేసు పెడితే ట్రాన్స్‌ఫర్ అవుతుందని తెలిస్తే చాలు, ఎఫ్ఐఆర్ రాసే చెయ్యి దానంతట అదే ఆగుతుంది. దీన్ని మీరు ఏ చట్టంలోనూ చూడలేరు, రాజ్యాంగం అక్షరం మారకుండానే ఇదంతా జరిగిపోతుంది.

ఇక ప్రశ్నలు ఉంటే అడగండి.

ప్రశ్న: మతంలోంచి వచ్చిన నాయకులంతా చెడ్డవాళ్లేనా? గాంధీ రామరాజ్యం అన్నాడు కదా?

మంచి ప్రశ్న. గాంధీ, మార్టిన్ లూథర్ కింగ్, ఇద్దరూ మతభాషలోనే మాట్లాడారు, అది దాచాల్సిన పని లేదు. కానీ వాళ్లు తమ మతానికి ప్రభుత్వం నుంచి ఏం అడిగారో చూడండి. 1947 నవంబరులో సోమనాథ్ గుడి మళ్లీ కట్టాలన్నప్పుడు గాంధీ వద్దనలేదు, ప్రభుత్వ ఖజానాలోంచి మాత్రం పైసా తీయొద్దు, భక్తులే చందాలు వేసుకోవాలి అన్నాడు. పటేల్ ఒప్పుకున్నాడు, ట్రస్టు పెట్టి చందాలతోనే కట్టారు. కింగ్ క్రైస్తవులకి ప్రత్యేక హక్కులు అడగలేదు, నల్లవాళ్లకి మిగతావాళ్లకున్న ఓటు హక్కు అడిగాడు. ఆయన ఉద్యమకారుల మీద కుక్కల్ని వదిలిన ఊళ్లలో తెల్లవాళ్లు కూడా క్రైస్తవులే మరి. అయినా రామరాజ్యం అన్న మాట ఆనాటి ముస్లింలలో కొందరికి అనుమానం కలిగించిందన్నది కూడా నిజం, గాంధీ ఎంత వివరించినా అది పూర్తిగా పోలేదు.

ప్రశ్న: ఒకసారి ఈ దారిలోకి వెళ్లిన దేశం వెనక్కి వచ్చిన ఉదాహరణ ఉందా? ఉంటే ఎలా వచ్చింది?

కష్టం. ముందు రానిది చెప్తాను. బంగ్లాదేశ్ 1972లో సెక్యులర్ రాజ్యాంగంతో మొదలైంది. 1988లో సైనిక పాలకుడు ఎర్షాద్, ప్రజాస్వామ్య ఉద్యమం మీదికొస్తుంటే, ఇస్లాంని రాజ్యమతం చేశాడు. రెండేళ్లలో ఆయన కుర్చీ దిగిపోయాడు. కానీ ఆ వాక్యం ఉండిపోయింది. 2011లో షేక్ హసీనా రాజ్యాంగంలోకి సెక్యులరిజం తిరిగి తెచ్చింది, రాజ్యమతాన్ని మాత్రం ముట్టుకోలేదు. రెండూ ఒకే పుస్తకంలో పక్కపక్కన. తీసేద్దాం అన్నవాడు మతద్రోహి అయిపోతాడని ఆవిడకీ తెలుసు.

వచ్చింది అంటే ఐర్లాండ్. 1937 రాజ్యాంగంలో కాథలిక్ చర్చికి ప్రత్యేక స్థానం అని రాసుకున్నారు. 1951లో నోయెల్ బ్రౌన్ అనే ఆరోగ్య మంత్రి తల్లులకీ పిల్లలకీ ఉచిత వైద్యం పథకం పెట్టబోయాడు. బిషప్పులు వద్దన్నారు, కుటుంబం విషయంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదని, డాక్టర్ల సంఘానికి కూడా ఇష్టం లేదు. ప్రధాని బిషప్పుల వైపు నిలబడ్డాడు, మంత్రి రాజీనామా చేశాడు. బ్రౌన్ ఊరుకోకుండా ఉత్తరాలన్నీ పత్రికలకి ఇచ్చేశాడు. పిల్లల వైద్యం ఎవరు ఆపారో జనం మొదటిసారి కాగితం మీద చదువుకున్నారు. 1972లో ఆ ప్రత్యేక స్థానం వాక్యాన్ని రిఫరెండంలో తీసేశారు, 84 శాతం మంది తీసేయమన్నారు, చర్చి కూడా పెద్దగా అడ్డం పడలేదు. ఇంతా చేసి విడాకుల మీద ఉన్న నిషేధం మాత్రం అలాగే ఉంది. 1986లో దాన్ని తీసేద్దామా అని అడిగితే జనం వద్దన్నారు. 1995లో మళ్లీ అడిగారు, అప్పుడు సరే అన్నారు, పదహారు లక్షల పైచిలుకు ఓట్లు పడితే తొమ్మిది వేల తేడాతో.